పందెపు రూపాయి, గుఱ్ఱపు దాణా

నలచరిత్ర చదివినవారికి ఒక ఘట్టము జ్ఞాపకముండును. బాహుకుడను మారుపేరుతో ఋతుపర్ణ మహారాజునకు సారథియై, విదర్భకు రథము తోలుచున్న నలుడు దారిలో రాజుతో ఒక మార్పిడి చేసికొనెను. రాజు తనకు తెలిసిన అక్షహృదయమును, అనగా పాచికల మర్మమును, నలునకు ఉపదేశించెను. దానికి బదులుగా నలుడు తనకు తెలిసిన అశ్వహృదయమును, గుఱ్ఱముల మర్మమును, రాజునకిత్తునని మాట యిచ్చెను. ఒకరి విద్య జూదము, వేరొకరి విద్య అశ్వము. ఆ రెండు విద్యలును ఒకే రథముపై ప్రయాణము చేసినవి.

హైదరాబాదులోని మలక్‌పేట మైదానమునకు రేసుల నాడు పోయినవారికి ఆ రథమే మరల కనబడును. కంచెకు ఆవల గుఱ్ఱములు పరుగెత్తుచుండును. కంచెకు ఈవల, టిక్కెట్ల కిటికీల వద్ద, రూపాయలు పరుగెత్తుచుండును. మొదటి పరుగును అందరును చూతురు. రెండవదానిని చూచువారు తక్కువ. నేటి ప్రసంగము ఆ రెండవ పరుగును గూర్చినది. పందెము కాయుట మంచిదా, కాదా అను ప్రశ్నను దాటవేయను. దానికి తరువాత వత్తును. కిటికీలో పడిన రూపాయి ఏ దారిని పోవును, దానిపై ప్రభుత్వము ఎంత తీసికొనును, ఆ తీసికొనుట ఒక హద్దు దాటినచో ఎవరి కంచములో మెదుకులు తగ్గును అన్నది ముందు తెలిసికొందము.

హైదరాబాదులో ఈ పందెములు క్రొత్తవి కావు. నిజాముల పాలనలో 1868లో మౌలాలీ వద్ద మొదలై, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున 1886లో మలక్‌పేటకు మారినవి. నేడు వర్షకాలమున ఒకటి, చలికాలమున ఒకటి చొప్పున రెండు సీజనులు నడచును. బొంబాయి, కలకత్తా, బెంగుళూరు, మద్రాసు క్లబ్బుల వలెనే హైదరాబాదు రేస్ క్లబ్బును తన నియమావళిని తానే అమలు జరుపు టర్ఫ్ అథారిటీ.

“గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణా తప్పదు” అని మన సామెత. పందెపు గుఱ్ఱము విషయమున ఇది మరింత నిజము. సీజనులో అది పరుగెత్తునది కొన్ని మారులే, మారొకటికి రెండు మూడు నిమిషములకు మించదు. తినుట మాత్రము ప్రతిదినము. ఓట్సు, తవుడు, లూసర్ను గడ్డి, ఎండుగడ్డి. పూర్వమైనచో ఉలవల గుగ్గిళ్ళు. తెల్లవారక ముందే లేచి దానిని నడిపించి, తోమి, కాళ్ళకు పట్టీలు కట్టు సైసు ఉండవలెను. ఉదయమున దౌడు తీయించు రైడింగ్ బాయ్ ఉండవలెను. పందెము నాటికి తేలికపాటి అల్యూమినియపు నాడాలు వేయు నాల్‌బందు, కాలు వాచినచో చూచు పశువైద్యుడు, వీరందరిపై ట్రెయినరు, పందెము నాడు మాత్రము ఎక్కు జాకీ. ఒక్క గుఱ్ఱము వెనుక ఇందరి పొయ్యి వెలుగుచున్నది.

ఈ ఖర్చంతయు యజమాని నెలనెల భరించును. అతనికి తిరిగివచ్చు దారి ముఖ్యముగా ఒక్కటే: గుఱ్ఱము గెలిచిననాడు వచ్చు బహుమతి సొమ్ము. దానిని రేసువారి భాషలో స్టేక్స్ అందురు. అందులో ట్రెయినరుకును, జాకీకిని నూటికింత అని వాటా పోవును. మరి ఆ బహుమతి సొమ్ము ఎక్కడినుండి వచ్చును? ప్రేక్షకుల ప్రవేశరుసుము చాలదు. యజమానులు కట్టు ప్రవేశపు సొమ్ములు కొంత, వ్యాపారసంస్థలు తమ పేరు పెట్టించుకొన్నందుకు ఇచ్చునది కొంత. మూలధార మాత్రము పందెపు కిటికీయే. క్రికెట్టునకు టెలివిజను హక్కులెట్టివో గుఱ్ఱపు పందెములకు టోటు అట్టిది.

ఈ టోటు అను మాట టోటలైజేటరునకు పొట్టిపేరు. దీనికి తాత ప్యారిసు నగరమున పుట్టినది. అచట 1867 ప్రాంతమున జోసెఫ్ ఓలర్ అనునతడు ఒక పద్ధతి కనిపెట్టెను. అంతవరకు పందెము కాయువాడు ఒక ప్రక్క, పందెము ఒప్పుకొను బుకీ ఒక ప్రక్క. ఒకడు గెలిచినచో మరొకడు ఓడవలసినదే. ఓలర్ పద్ధతిలో పందెగాండ్ర సొమ్మంతయు ఒక కుప్ప అగును. నిర్వాహకుడు ముందుగా తన కూలి తీసికొని, మిగిలినది గెలిచినవారికి పంచిపెట్టును. ఏ గుఱ్ఱము గెలిచినను నిర్వాహకునకు ఒకటే. ఈ పంపకమును చేతిలెక్కతో చేయుట కష్టమగుటచే, ఆస్ట్రేలియాలోని జార్జి జూలియస్ అను ఇంజనీరు తీగలు, చక్రములు, బరువులు గల పెద్ద యంత్రమును నిర్మించెను. మొదట అది ఎన్నికల ఓట్లు లెక్కించుటకై ఊహించినది. ఓట్లవారు వలదనగా పందెములవారు తీసికొనిరి. 1913లో న్యూజిలాండులోని ఎలర్‌స్లీ మైదానమున అది మొదట పనిచేసినది. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేయుచున్నది; లెక్క మాత్రము అదియే.

ఆ లెక్కను ఒక ఉదాహరణతో చూతము. అంకెలు నేను సులభముగా ఉండుటకు ఊహించినవి. ఒక పందెమున పదేసి రూపాయల టిక్కెట్లు పదివేలు అమ్ముడైనవనుకొనుడు. కుప్ప లక్ష రూపాయలు. క్లబ్బు నూటికి ఇరువది మినహాయించెననుకొనుడు. మిగిలినది 80,000. గెలిచిన గుఱ్ఱముపై రెండువేల టిక్కెట్లున్నచో టిక్కెట్టుకు 40 రూపాయలు వచ్చును. ఎవరును నమ్మని గుఱ్ఱము గెలిచి, దానిపై ఐదువందల టిక్కెట్లే యున్నచో టిక్కెట్టుకు 160 రూపాయలు. ధర నిర్ణయించినది క్లబ్బు కాదు, పందెగాండ్రే. మొదటి గుఱ్ఱమును చెప్పు విన్, మొదటి కొన్ని స్థానములలో ఒకటిగా వచ్చునని చెప్పు ప్లేస్, ముందుగా రాబోవు కొన్నిటిని కలిపి చెప్పు క్వినెల్లా, టానాలా, అనేక పందెముల విజేతలను చెప్పు జాక్‌పాట్ — పేర్లు మారినను, కుప్పపోసి పంచుటయే అన్నిటికిని మూలము. లైసెన్సు పొందిన బుకీలు కూడ మైదానములో ఉందురు. వారు ముందుగానే ధర పలికి, లాభనష్టములు తామే భరింతురు; నిలువబడు చోటునకు క్లబ్బునకు రుసుము చెల్లింతురు.

ఉదాహరణలోని ఆ ఇరువది వేలే మన కథకు నాయకుడు. బహుమతులు అందులోనుండియే. పచ్చిక తడుపుట, స్టార్టింగ్ గేట్లు, ఫోటో కెమెరాలు, గుఱ్ఱపు ఆసుపత్రి, గడియారము చూచి కూర్చుండు ఉద్యోగుల జీతములు కూడ అందులోనుండియే. ఒక సంగతి గమనింపుడు. గెలిచినవాని సొమ్ము ఓడినవారు ఇచ్చినదే. గుఱ్ఱము దానిని ముట్టదు. గుఱ్ఱము తినునది నడుమ మినహాయించిన ఆ పలుచని పొరను మాత్రమే.

కాని ఆ కిటికీ వద్దకు జనము రావలెనన్నచో నమ్మకముండవలెను. ఇచ్చటనే నియమావళి అక్కఱకు వచ్చును. పందెపు మైదానమున నియమములు మర్యాద కొఱకు పెట్టినవి కావు. అవి ఆ అంగడికి పెట్టుబడి. గుఱ్ఱమును కావలెనని వెనుకకు పట్టిరన్న అనుమానము ఒక్క మారు కలిగినచో మరుసటి వారము కుప్ప సగమగును.

తూకపు గదిని చూడుడు. ప్రతి జాకీయును జీనుతో సహా పందెమునకు ముందు త్రాసునెక్కును. నిర్ణయించిన బరువునకు తగ్గినచో జీను క్రింద సీసపు పలకలు పెట్టుదురు. పందెము ముగియగానే, గెలిచినవాడు చప్పట్లు వినుటకైన నిలువక, మరల వచ్చి త్రాసునెక్కవలెను. దారిలో పలకలు జారవిడిచెనా లేదా అని చూచుటకు. బరువు తేలినచో గెలుపు పోవును. రాజులు వచ్చినను, మంత్రులు వచ్చినను, ఆ త్రాసు ‘సరి’ అనువరకు టిక్కెట్టునకు సొమ్ము రాదు. అందుకే అనుభవజ్ఞులు ఓడిన టిక్కెట్టునైనను వెంటనే చింపివేయరు. స్టీవార్డుల విచారణలో, ఒక గుఱ్ఱము మరొకదాని దారికి అడ్డుపడెనని తేలినచో స్థానములు మారవచ్చును.

ఈ బరువులను నిర్ణయించువాడు హ్యాండిక్యాపరు. మంచి గుఱ్ఱమునకు ఎక్కువ బరువు, మధ్యరకమునకు తక్కువ బరువు వేయును. బాగుగా పరుగెత్తినందుకు శిక్షయా అని మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వు వచ్చినది. కాని ఏది గెలుచునో అందరికిని తెలిసిన పందెమున టిక్కెట్టు కొనువాడెవడు? అనుమానము నిలిచిననే కుప్ప పెరుగును. కుప్ప పెరిగిననే మధ్యరకపు గుఱ్ఱమునకును గడ్డి దొరకును. డెర్బీ మొదలగు క్లాసిక్ పందెములలో మాత్రము ఈ దయాదాక్షిణ్యములు లేవు. ఒకే వయస్సు గుఱ్ఱములు ఒకే బరువుతో పరుగెత్తును. ఆడగుఱ్ఱములకు స్వల్పమైన తగ్గింపు. అది అసలు పరీక్ష. అందు గెలిచిన వంశమునే పెంపకందార్లు వెదకుదురు.

ఆ వంశపు లెక్కకును కఠినమైన కాపలా ఉన్నది. థరోబ్రెడ్ అను ఈ జాతిలో మగగుఱ్ఱముల పితృవంశములన్నియు, సుమారు మూడువందల ఏండ్ల క్రిందట ఇంగ్లండునకు చేరిన బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అను మూడింటిలో ఒకదానికి చేరును. మన దేశపు వంశావళిని పూనాలోని స్టడ్ బుక్ సంస్థ వ్రాసి ఉంచుచున్నది. కృత్రిమ గర్భధారణ ఈ జాతికి నిషిద్ధము. పిల్ల పుట్టగానే రక్తపరీక్షచే తలిదండ్రులను నిర్ధారించి, మెడలో చిప్పు పెట్టుదురు. పందెము నాడు ఒక గుఱ్ఱము పేరుతో మరొకటి దిగకుండుటకు ఇది మందు. గెలిచిన గుఱ్ఱముల మూత్రము, రక్తము పరీక్షకు పోవును. మత్తు గాని, ఉత్తేజకము గాని కనబడినచో బహుమతి రద్దగును, ట్రెయినరు సంజాయిషీ చెప్పుకొనవలెను. గుఱ్ఱమును దాని శక్తికొలది పరుగెత్తనీయని జాకీ లైసెన్సు పోగొట్టుకొనును. ఘోరమైన తప్పునకు వార్నింగ్ ఆఫ్ అను శిక్ష కలదు. దానికి గురియైనవాడు ఏ మైదానపు గేటునైనను దాటరాదు. పూర్వపు వెలివేతకు ఇది చెల్లెలు.

ఇక ప్రభుత్వపు పాత్రకు వత్తును. జూదమును ఒకచోటికి చేర్చి, దానినుండి రాబడి తీసికొను ఆలోచన మనకు ఇంగ్లీషువారు నేర్పినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుడను అధికారి కలడు. అతడు జూదమును ఒకే చోట ఆడించవలెను. మరొకచోట ఆడినవానికి పండ్రెండు పణముల జుల్మానా. గెలిచిన ద్రవ్యమున నూటికి ఐదు రాజ్యమునకు. పాచికల అద్దె, నీటికి, చోటునకు రుసుము వేరు. దొంగపాచికలు వేసినవానికి శిక్ష. అదే గ్రంథమున అశ్వాధ్యక్షుడు వేరొక ప్రకరణమున కనబడును. ఆ ఇద్దరు అధ్యక్షుల పనులును ఒక్కచోట చేర్చినచో నేటి రేస్ క్లబ్బు అగును. కౌటిల్యుడు నూటికి ఐదే అన్నాడు; ఈ అంకెను మఱచిపోకుడు.

హైదరాబాదు సంస్థానమున 1358 ఫసలీలో, అనగా 1948-49 నాట, గుఱ్ఱపు పందెములపై పన్ను విధించు రెగ్యులేషను వచ్చినది. తరువాత 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము జూదములను నిషేధించుచు, గుఱ్ఱపు పందెమునకు ఒక సందు విడిచినది. పందెము పరుగెత్తు దినముననే, అందులకై ఏర్పరచిన ఆవరణలోనే, లైసెన్సుగల బుకీ వద్దనో టోటులోనో కాసినచో అది నేరము కాదు. వీథిలో కాసినచో నేరమే. కౌటిల్యుని ‘ఒకే చోటు’ ఇదియే.

ఈ సందు న్యాయమైనదేనా అని అత్యున్నత న్యాయస్థానము వఱకు వాదము నడచినది. తమిళనాడు ప్రభుత్వము 1974లో పందెములను నిషేధించు చట్టము చేసినది. 1986లో మద్రాసు రేస్ క్లబ్బునే స్వాధీనము చేసికొను చట్టము తెచ్చినది. 1996 జనవరిలో సుప్రీంకోర్టు ఆ స్వాధీనపు చట్టమును కొట్టివేయుచు, గుఱ్ఱపు పందెమున గెలుపు ప్రధానముగా నేర్పుపై ఆధారపడినదే గాని కేవలము అదృష్టముపై కాదని తీర్పు చెప్పినది. గుఱ్ఱపు వంశము, శిక్షణ, జాకీ నేర్పు, దూరము, బరువు — ఇవన్నియు తెలిసికొని లెక్కకట్టువానికిని, కన్నులు మూసికొని చీటి తీయువానికిని భేదమున్నదని దాని సారాంశము. నలుని విద్యను ఋతుపర్ణుని విద్యనుండి న్యాయస్థానము విడదీసినదన్నమాట.

పన్నుల శాఖ మాత్రము విడదీయలేదు. పూర్వము పందెములపై పన్ను రాష్ట్రములది. రేటు ఎంతయో అవి నిర్ణయించుకొనెడివి. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చుటతో ఆ అధికారము మారినది. పందెములపై నూటికి 28 విధించిరి. దేనిపై? క్లబ్బు మినహాయించు కూలిపై గాక, పందెపు పూర్తి ముఖవిలువపై అని 2018 జనవరిలో నియమము చేసిరి. ఇది వివాదమై 2021లో కర్ణాటక హైకోర్టు ఆ నియమమును త్రోసిపుచ్చినది. 2023 అక్టోబరు 1 నుండి చట్టమునే సవరించి, పన్ను పూర్తి విలువపైననే అని స్థిరపఱచిరి. 2025 సెప్టెంబరు 22 నుండి రేటు నూటికి 40 ఐనది. కాసినోలు, లాటరీలు ఏ వరుసలో ఉన్నవో గుఱ్ఱపు పందెమును ఆ వరుసలోనే కూర్చుండపెట్టిరి. ఇదిగాక, ఒక్క గెలుపు పదివేలు దాటినచో నూటికి ముప్పది ఆదాయపు పన్ను ముందే పట్టుకొందురు. ఓడిన సొమ్మును అందులోనుండి తీసివేయుటకు వీలులేదు.

పూర్తి విలువపై పన్ను, కూలిపై పన్ను అను భేదము వినుటకు చిన్నది. లెక్కకట్టి చూడుడు. మన ఉదాహరణలోని పందెగాడు నూరు రూపాయల పందెము కాయవలెనన్నచో ఇప్పుడు నలువది పన్ను కలిపి 140 తేవలెను. క్లబ్బు ఇరువది తీసికొనగా 80 పందెగాండ్రకు తిరిగివచ్చును. అనగా జేబులోనుండి తీసిన రూపాయికి సగటున 57 పైసలు మాత్రమే వెనుకకు. పన్నే లేనిచో 80 పైసలు. ఒకడు వేయి రూపాయలతో వచ్చి, తిరిగివచ్చిన దానినే మరల మరల కాయుచున్నాడనుకొందము. పన్ను లేనిచో మూడు పందెముల తరువాత సగటున 512 మిగులును. అతడు ఇంకను ఆడును. పన్నుతో మూడు పందెములలో 187కు దిగును, ఇంటికి పోవును. మధ్యాహ్నపు పందెములింకను సగము మిగిలియుండగా కిటికీలు ఖాళీ యగును.

ఇంటికి పోయినచో మేలే కదా అని మీరనవచ్చును. నిజముగా ఇంటికే పోయినచో నేనును అట్లే అందును. కాని అతడు పోవునది తఱచుగా వేరొక చోటికి. మైదానము వెలుపల, ఫోనులో పలుకు దొంగ బుకీ యున్నాడు. అతడు పన్ను కట్టడు, తూకపు గదికి ఖర్చు పెట్టడు, సైసునకు జీతమీయడు, గడ్డి కొనడు. కనుక అంతకంటె మంచి ధర ఇయ్యగలడు. పైగా అప్పు కూడ ఇచ్చును. కుటుంబములను కూల్చునది ముఖ్యముగా ఆ అప్పే. టోటు కిటికీ వద్ద చేతిలో రొక్కము లేనివాడు ఆగిపోవును. ఫోనులో ఆగువాడు లేడు. మలక్‌పేటలో పరుగెత్తిన అదే గుఱ్ఱముపై వెలుపల కాసిన రూపాయిలో ఆ గుఱ్ఱమునకు దమ్మిడీ రాదు, ప్రభుత్వమునకును రాదు. అధిక పన్నుచే పందెము తగ్గునని తలచుట సహజము. పందెము కొంత తగ్గును, కొంత చోటు మారును. ఏది ఎంత అన్నదే అసలు ప్రశ్న.

ఇట్టి ప్రశ్నకు హాంగ్‌కాంగ్ నగరము ఒక సమాధానము చెప్పినది. అచట జాకీ క్లబ్బు ఒక్కటే పందెములు నడుపును, లాభమును ధర్మకార్యములకిచ్చును. 1996-97 సీజనులో అచటి పందెపు సొమ్ము మొత్తము 9,200 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లకు చేరినది. తరువాత తగ్గి 2005-06 నాటికి 6,000 కోట్లకు దిగినది. ఆర్థికమాంద్యము ఒక కారణము, పొరుగుననున్న మకావు కాసినోలు మరొకటి. చట్టవిరుద్ధపు బుకీలు, పరదేశపు ఇంటర్నెట్ బుకీలు ముఖ్యమైన కారణము. 2006లో అచటి ప్రభుత్వము పన్ను పద్ధతిని తలక్రిందులు చేసినది. పందెపు మొత్తముపై గాక, గెలిచినవారికి చెల్లించగా మిగిలిన సొమ్ముపై పన్ను విధించినది. రేటు చూచినచో భయము వేయును: నూటికి 72.5 నుండి 75. ఐనను అది మిగులుపై మాత్రమే. దానిచే క్లబ్బునకు ధరలు సవరించుకొను స్వేచ్ఛ లభించినది. పెద్దమొత్తములు కాచి ఓడినవారికి కొంత తిరిగియిచ్చి, దొంగ బుకీతో పోటీ చేయగలిగినది. 2013-14 నాటికి మొత్తము 10,000 కోట్లు దాటినది. పన్ను తగ్గించుట ఇందులో ప్రధానము కాదు. దేనిపై విధించవలెనో అది మారినది.

పన్ను వచ్చిన తరువాత ఎక్కడికి పోవుననుటకు జపాను మరొక దృష్టాంతము. 1954లో ఏర్పడిన అచటి జాతీయ రేసింగ్ సంస్థ పందెపు సొమ్మున నూటికి సుమారు 25 మినహాయించి, అందు 10 ప్రభుత్వ ఖజానాకు ఇచ్చును. ఆ పదిలో మూడు వంతులు పశుసంవర్ధనమునకు, ఒక వంతు సంఘసంక్షేమమునకు వినియోగింపవలెనని నిబంధన. బ్రిటనులో వీథి అంగళ్ళలో పందెము చట్టబద్ధమైన 1961లోనే ఒక లెవీ బోర్డు పుట్టినది. బ్రిటిషు పందెములపై బుకీలు గడించు లాభమున నూటికి పది వంతున అది వసూలుచేసి గుఱ్ఱములకు తిరిగియిచ్చును. బుకీలు పరదేశములలో దుకాణము పెట్టి తప్పించుకొనుచుండగా, 2017లో వారిని కూడ ఆ పరిధిలోనికి తెచ్చిరి. మన వస్తుసేవల పన్ను సగము కేంద్రమునకు, సగము రాష్ట్రమునకు పోవును గాని, అందు గుఱ్ఱముల పెంపకమునకనియో, సైసుల క్షేమమునకనియో, జూదపు వ్యసనము పాలైనవారి చికిత్సకనియో ప్రత్యేకించిన భాగము లేదు.

ఇప్పుడు మొదట వాయిదా వేసిన ప్రశ్న. రేసుల వలన ఇల్లు గుల్లచేసికొన్నవారిని ఎఱుగనివారు నగరములో అరుదు. నేర్పు గల ఆటయైనను, అదృష్టపు ఆటయైనను, బియ్యపు డబ్బు పోయిన ఇంట ఇల్లాలికి ఆ భేదము తెలియదు. సుప్రీంకోర్టు తీర్పు ఆమె పొయ్యి వెలిగింపదు. కనుక పందెమును ప్రోత్సహింపుడని నేను చెప్పజాలను. నేనెన్నడును టిక్కెట్టు కొనలేదు కూడ. కాని ప్రభుత్వము ఒక వ్యసనమును అనుమతించి దానినుండి రాబడి తీసికొనునప్పుడు రెండు బాధ్యతలు పైబడును. ఒకటి, ఆ వ్యసనము చీకటిలోనికి జారకుండ చూచుట. రెండు, దానిని ఆశ్రయించి పందెము కాయక బ్రతుకువారిని, అనగా సైసును, నాల్‌బందును, గడ్డి అమ్ము రైతును, లెక్కలోనికి తీసికొనుట. రాబడికై పిండుటయు, నీతికై అణచుటయు రెండును ఒకే రేటుతో సాధింపవలెనన్నచో రెండును చెడును. నిషేధింపదలచినచో ఆ మాట చెప్పి, మైదానము నెమ్మదిగా మూసి, ఆ పనివారికి వేరొక దారి చూపవలెను. ఉంచదలచినచో దాణాకు కొంత మిగులునట్లు కోయవలెను.

మూతపడుట ఊహ కాదు. మకావులో 2024 మార్చి చివర ఆఖరి పందెము పరుగెత్తినది. నూట ఎనుబది ఏండ్ల చరిత్రగల సింగపూరు పందెములు 2024 అక్టోబరు 5న ముగిసినవి. అచట ఆ భూమి ఇండ్లకు కావలసివచ్చినది. గుఱ్ఱములను ఇతర దేశములకు పంపుటకు నెలలు పట్టినది. మలక్‌పేట కూడ నగరపు నడిబొడ్డుననే ఉన్నది.

గుఱ్ఱపు పెంపకందారునకు వ్యవధి చాల ఎక్కువ. ఆడగుఱ్ఱమును అతడు చలికాలపు చివర మగగుఱ్ఱము వద్దకు పంపును. పదునొకండు నెలలకు పిల్ల పుట్టును. ఏ నెలలో పుట్టినను జనవరి 1న దానికి ఒక ఏడు నిండినట్లే లెక్క. రెండేండ్ల వయస్సు వచ్చి, శిక్షణ పొంది, మొదటిసారి స్టార్టింగ్ గేటులో నిలుచునప్పటికి, ఆ నిర్ణయము చేసిన నాటినుండి మూడున్నర ఏండ్లు దాటును. 2017 తరువాత ఇప్పటికి పన్ను లెక్క ఎన్ని మారులు మారినదో పైన చెప్పితిని. ఈ ఫిబ్రవరిలో తన గుఱ్ఱపుశాల ముందు నిలిచిన పెంపకందారుడు, 2029 చలికాలమున మలక్‌పేట కిటికీ వద్ద ఎందరుందురో ఊహించి, ఆడగుఱ్ఱమును పంపవలెనో, పంపక ఈ ఏటికి ఖర్చు తప్పించుకొనవలెనో తేల్చుకొనవలెను. ఆ గుఱ్ఱము వెనుక నిలిచిన సైసు అతని ముఖమునే చూచుచుండును.